మా ఇంటికి వచ్చిన మాంటిస్ రొయ్య

మా ఊరు పాలకుర్తి. పాల్కురికి సోమనాథుని ఊరుగా, చాకలి ఐలమ్మ భూపోరాటం సాగిన నేలగా దీన్ని చాలామంది ఎరుగుదురు. సముద్రంతో మాత్రం మాకు ఎలాంటి సంబంధమూ లేదు. మచిలీపట్నం తీరానికి వెళ్ళాలన్నా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. అలాంటి చోట ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటామంటే విన్నవాళ్ళు నవ్వడం సహజమే. మొదట మా అత్తగారూ నవ్వారు.

కారణం మా అబ్బాయి. వాడి తండ్రి ఏడేళ్ళుగా జిద్దాలో డ్రైవరుగా పనిచేస్తున్నారు. జుమా నాడు తీరిక దొరికితే సాయంత్రం ఎర్రసముద్రం ఒడ్డుకు వెళ్ళి, అక్కడి నుండే వీడియో కాల్ చేస్తారు. ఫోను తెరలో తండ్రి వెనుక కదిలే నీలి నీళ్ళను చూస్తూ పెరిగాడు వాడు. తొమ్మిదో తరగతికి వచ్చాక ఒకనాడు, "అమ్మీ, మన ఇంట్లో కూడా సముద్రం పెట్టుకుందాం" అన్నాడు. పాఠశాలలో జీవశాస్త్రం బోధించే నాకు కాదనడం చేతకాలేదు.

ఇంట్లో సముద్రం తయారు చేయడమంటే నీళ్ళలో ఉప్పు కలపడం కాదని త్వరలోనే తెలిసివచ్చింది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందుకు వంట ఉప్పు పనికిరాదు; కాల్షియం, మెగ్నీషియం మొదలైనవి తగిన పాళ్ళలో ఉన్న ప్రత్యేకమైన ఉప్పు కావాలి. మా బోరు నీళ్ళు కఠినజలం కనుక ఆర్.ఓ. నీళ్ళే పోశాము. చేపల విసర్జనలోని అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళపైనా ఇసుకలోనూ స్థిరపడే వరకు, నెలన్నర పాటు వట్టి నీళ్ళను చూస్తూ కూర్చున్నాము. ఇరుగుపొరుగువారు వచ్చి చేపలేవని అడిగితే, "ఇంకా సముద్రం ఉడుకుతోంది" అనేవారు మా అత్తగారు.

ఆ తరువాత రెండు క్లౌన్ చేపలు, ఒక నీలి డామ్సెల్ చేప, నాచును మేసే నాలుగు సముద్రపు నత్తలు, ఖాళీ గుల్లలో దూరి బతికే చిన్న పీత ఒకటి వచ్చాయి. ఆరు నెలలు ప్రశాంతంగా గడిచాయి.

ఈద్ నాడు వచ్చిన ఈదీ డబ్బులన్నీ పోగుచేసుకొని మా అబ్బాయి వాళ్ళ మామూతో కలిసి హైదరాబాద్ వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో ఒక విచిత్రమైన ప్రాణిని తెచ్చాడు. నాలుగు అంగుళాల పొడవు, ఆకుపచ్చని వీపు, ఎర్రని కాళ్ళు, ముందువైపు చిరుతపులి మచ్చలు. కాడల మీద నిలిచిన రెండు కళ్ళు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు చెరో దిక్కుకు తిరుగుతున్నాయి. గొల్లభామ పురుగులాగా ముందుకాళ్ళు ముడుచుకొని ఉంటుంది కనుక దానికి మాంటిస్ రొయ్య అని పేరు. ఈ రంగుల రకాన్ని నెమలి మాంటిస్ అంటారు. చేపల జోలికి పోదని దుకాణదారు చెప్పాడట. పుస్తకం తెరిచి చూడవలసినదాన్ని నేను. దాని అందానికి మురిసిపోయి ఊరుకున్నాను.

"ఇది తినవచ్చునా?" అన్నది మా అత్తగారి మొదటి ప్రశ్న. మా ఇంట్లో అసలే రొయ్యల మీద రెండు అభిప్రాయాలు. మా పుట్టింటివారు తింటారు. మా అత్తింటివారు హనఫీ పండితులలో ఒక వర్గం మాటను అనుసరించి తినరు. పేరులో రొయ్య ఉన్నా ఇది అసలు రొయ్యే కాదని, స్టోమటోపోడా అనే వేరే క్రమానికి చెందినదని నేను చెప్పడంతో సమస్య మరింత జటిలమైంది.

మూడో రాత్రి నుండి ముందుగదిలో "టక్... టక్" మని చప్పుడు మొదలైంది. ఎవరో గోటితో అద్దం మీద కొట్టినట్టుండేది. మొదట నత్తగుల్లలు పగిలి ఇసుకలో కనిపించాయి. తరువాత పీత గుల్ల రెండు ముక్కలైంది. నత్తలు చచ్చి ఉంటాయి, వేరేవి తెద్దామని అనుకున్నామే కాని, రాతి కింద దాక్కున్న కొత్త అతిథిని ఎవరమూ అనుమానించలేదు. ఒక ఫజ్ర్ నమాజు తరువాత దీపం వేసి చూస్తే, క్లౌన్ చేపలలో పెద్దదాని సగం శరీరం ఆ రాతి ముందు పడి ఉంది.

అప్పుడు చదివాను. మాంటిస్ రొయ్యలలో రెండు విధాలు. కొన్నింటి ముందుకాళ్ళు ఈటెల వంటివి, మరికొన్నింటివి సమ్మెటల వంటివి. మాది సమ్మెట రకం. దాని కాలిలో గుర్రపు జీను ఆకారంలో ఒక స్ప్రింగు భాగం ఉంటుంది. కండరాలు దాన్ని బిగించి, గొళ్ళెం వేసినట్టు ఆపి, ఒక్కసారిగా వదులుతాయి. 2004లో అమెరికా శాస్త్రవేత్త షీలా పటేక్ బృందం అత్యంత వేగవంతమైన కెమెరాలతో చిత్రీకరించి, ఆ దెబ్బ వేగం సెకనుకు 23 మీటర్ల వరకు ఉంటుందని వెల్లడించింది. ఆ వేగానికి నీటిలో ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే కుప్పకూలి మరో దెబ్బ కొడతాయి. మొదటి దెబ్బ గురి తప్పినా రెండోది తగలవచ్చు. ఇంతటి సమ్మెటను చేతికిచ్చిన సృష్టికర్త, దాన్ని గుల్లలు పగులగొట్టి తినడానికే ఇచ్చాడు. మేము దాని ముందు గుల్లలనే వరుసగా పేర్చాము.

మా అబ్బాయి అదంతా వినే స్థితిలో లేడు. జాలీ తీసుకొని, "ఇది హంతకి. దీన్ని బయట పడేస్తాను" అంటూ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. తస్బీహ్ చేసుకుంటున్న మా అత్తగారు తల ఎత్తి, "బేటా, అది నీ చేపను వెతుక్కుంటూ పాలకుర్తి వచ్చిందా?" అని అడిగారు.

వాడు జాలీ పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. పిల్లిని బంధించి, ఆహారం పెట్టక, స్వేచ్ఛగా తిననివ్వక చంపిన స్త్రీ గురించిన హదీసు వాడికి మదరసాలో చెప్పిందే. ఆ రోజు దాదీ దగ్గర కూర్చొని మళ్ళీ విన్నాడు. రాత్రి పడుకునే ముందు నా దగ్గరికి వచ్చి, "అమ్మీ, మరి చేప సంగతేమిటి? దాన్ని బంధించింది కూడా నేనే కదా?" అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థీ నన్ను ఇంతగా నిలువరించే ప్రశ్న అడగలేదు. మనం బంధించామని చెప్పాను. అంతకు మించి ఏమీ తోచలేదు.

దుకాణదారు దాన్ని వెనక్కి తీసుకోనన్నాడు. సముద్రంలో వదిలేద్దామా అంటే, ఎక్కడి నుండో దిగుమతైన జీవిని, తొట్టిలోని రోగక్రిములతో సహా మన తీరంలో వదలడం మరో అన్యాయం. పెద్ద తొట్టిలో, చురుకైన చేపలతో దీన్ని కలిపి ఉంచగలిగామనే వారున్నారు. కడుపు నిండి ఉన్నంతకాలం ఊరుకుంటుందేమో. నా దృష్టిలో అది జూదమే, అందులో ఒడ్డేది మన ప్రాణం కాదు. పైగా చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వేసే రాగి మందు ఇలాంటి జీవులకు విషం. ఎలా చూసినా దీనికి వేరే ఇల్లు కావలసిందే.

ఫ్రిజ్ మార్చడానికి దాచిన డబ్బుతో రెండో తొట్టి కొన్నాము. 1998లో ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్ అక్వేరియంలో ఇటువంటిదే ఒకటి తొట్టి అద్దాన్ని పగులగొట్టిందని చదివి, గాజుకు బదులు మందమైన అక్రిలిక్‌తో చేసినది తీసుకున్నాము. ప్లంబింగు దుకాణం నుండి తెచ్చిన పి.వి.సి. పైపు ముక్కను ఇసుకలో పాతితే, గంటలోనే అది తన ఇల్లు చేసుకుంది. వీడియో కాల్‌లో ఈ కథంతా విన్న మా వారు, "మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాము, ఇలాంటివాడు మాకూ ఒకడున్నాడు. వాడికి మూలన మంచం ఇచ్చాక గొడవలు తగ్గాయి" అన్నారు. మా అబ్బాయి ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

పొలాల్లో దొరికే ఎండ్రకాయలు, నత్తలు దానికి ఆహారమయ్యాయి. మందు కొట్టిన పొలం నుండి మాత్రం తేము. వేసవి మాకు గండంగానే గడిచింది. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు రెండు తొట్లకూ ఫ్యాన్లు పెట్టి, ఆవిరైన మేరకు మంచినీళ్ళు కలిపేవాళ్ళం. నీరు ఆవిరవుతుంది కాని ఉప్పు కాదు కదా. కరెంటు పోయిన రాత్రుల్లో వాడూ నేనూ వంతులవారీగా మేల్కొన్నాము. ఒకసారి అది పైపు రెండు మూతులనూ రాళ్ళతో మూసుకొని తొమ్మిది రోజులు బయటికి రాలేదు. చచ్చిపోయిందని వాడు ఏడ్చాడు, రాళ్ళు తీసి చూస్తానన్నాడు. పెంకు విడిచే సమయంలో ఒళ్ళు మెత్తగా ఉంటుందని, అప్పుడు కదిలిస్తే ప్రమాదమని నచ్చజెప్పి ఆపాను. పదో రోజు ఉదయం పాత పెంకు పైపు బయట పడి ఉంది, రెండు కళ్ళు లోపలి నుండి మమ్మల్ని చూస్తున్నాయి.

మొన్న మా వారు రెండు నెలల సెలవు మీద వచ్చారు. సామాను దించగానే తొట్టి ముందు కూర్చున్నారు. అది పైపు మూతి దగ్గరికి వచ్చి, ఒక కన్ను ఆయన వైపు, ఒక కన్ను మా అబ్బాయి వైపు తిప్పింది. దానికి మనకన్నా బాగా కనిపిస్తుందా అని అడిగారు. రంగులను గ్రహించే గ్రాహకాలు మనకు మూడు రకాలైతే దానికి పన్నెండు ఉన్నాయని, అయినా దగ్గరదగ్గరి రంగుల తేడాను పసిగట్టడంలో మనకన్నా వెనుకబడే ఉందని 2014లో పరిశోధకులు తేల్చారని చెప్పాను.

"అబ్బా, చేయి దూరంగా పెట్టండి" అంటూ మా అబ్బాయి పొడవాటి పట్టకారుతో ఎండ్రకాయను నీళ్ళలోకి దించాడు. టక్ మన్న చప్పుడుకు మా వారు ఉలిక్కిపడ్డారు.

లోపలి గది నుండి మా అత్తగారి గొంతు వినిపించింది. "తిన్నదా?"