దారం తెగితే ఆగే మగ్గం



పోయిన నెలలో మన క్వాలిస్ బండిని అమ్మేసిన సంగతి మీకు తెలిసిందే. పది కుటుంబాలం తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండులో కొన్న బండి అది. కొన్న రోజుకే దాని వయసు ఏడేళ్లు. మన దగ్గర ఇంకో పదమూడేళ్లు తిరిగింది. పిల్లల పరీక్షలకు, పెళ్లిళ్లకు, చావులకు, గుంటూరు ఆసుపత్రికి, మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకు, అన్నిటికీ అదే. ఎనిమిది మంది కూర్చోవాల్సిన చోట పన్నెండు మందిమి సర్దుకున్న రోజులున్నాయి. దాన్ని తీసుకెళ్తుంటే ఇద్దరు ముగ్గురు మామ్మలు కళ్లు తుడుచుకున్నారు.

ఆ రోజు మన మగ్గం పెద్దాయన అరుగు మీద కూర్చుని, "ఇన్నేళ్లు మోసింది. ఇంతకీ ఎవరు చేశార్రా ఈ బండిని?" అని అడిగారు. "జపాన్ వాళ్లు పెద్దయ్యా, టయోటా అని. మొదట్లో వాళ్లు మగ్గాలు చేసేవాళ్లు" అని చెప్పాం. ఆయన నమ్మలేదు. "మగ్గం చేసేవాడు కారు చేయడమేంట్రా" అని నవ్వారు. ఆయనకు ఆ రోజు సగమే చెప్పగలిగాం. మిగతా సగం ఈ వారం మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాం. అందులో మన తప్పు కూడా ఒకటి ఉంది. అది కూడా దాచకుండా చెబుతాం.

సకిచి టయోడా అనే ఆయన 1867లో జపాన్‌లో, ఇప్పటి కొసాయి పట్టణం ఉన్న చోట ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. తల్లి మగ్గం నేసేది. చుట్టుపక్కల ఇళ్లలోనూ ఆడవాళ్లకు అదే పని. వాళ్ల కష్టం చూసి, వడ్రంగి చేతులున్న ఆ కుర్రవాడు మగ్గం మీద పడ్డాడు. 1891లో ఒక చెక్క మగ్గానికి పేటెంటు తెచ్చుకున్నాడు. రెండు చేతులతో చేసే పనిని ఒక చేత్తో చేయించే మగ్గం అది. తర్వాత అయిదారేళ్లకు ఇంజనుతో నడిచే మగ్గం చేశాడు.

ఇక్కడ మన నేతపని వాళ్లకు బాగా తెలిసిన ఒక సంగతి ఉంది. గుంట మగ్గం మీద కూర్చున్నవాడికి దారం తెగితే చేతికే తెలుస్తుంది. నాడె వెళ్లే తీరు మారుతుంది. ఆపి, ముడి వేసి, మళ్లీ మొదలుపెడతాడు. యంత్రానికి ఆ చెయ్యి లేదు. పేక అయిపోయినా, పడుగు తెగినా అది ఆడుతూనే ఉంటుంది. గజాలకొద్దీ గుడ్డ పాడయ్యాక గానీ ఎవరూ చూడరు. అందుకని ప్రతి మగ్గం పక్కనా ఒక మనిషిని కాపలా పెట్టాల్సి వచ్చేది.

సకిచి పట్టుకున్నది ఈ సమస్యనే. పేక దారం తెగితే తనంతట తానే ఆగే మగ్గం చేశాడు. 1924 నాటికి ఆయన, ఆయన కొడుకు కీచిరో కలిసి జి టైపు అనే మగ్గాన్ని పూర్తి చేశారు. దాంట్లో పడుగులోని ఒక్కో దారానికి ఒక్కో పల్చటి లోహపు రేకు వేలాడుతుంది. దారం బిగువుగా ఉన్నంతసేపు రేకు పైన నిలబడుతుంది. దారం తెగితే రేకు కిందికి జారుతుంది. జారగానే మగ్గం ఆగిపోతుంది. పేక అయిపోతే, వేగం తగ్గకుండా కొత్త నాడెను అదే మార్చుకుంటుంది. ఒక్క మనిషి ముప్పై మగ్గాల దాకా చూసుకోగలిగాడు.

1929లో ఆ మగ్గం హక్కుల కోసం ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. ఆ కంపెనీ ఉన్నది లాంకషైర్‌లో. మన తాతల మగ్గాలను మూలపడేసిన మిల్లు గుడ్డ నేసిన ప్రాంతం అది. అలాంటి చోటుకు ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు మగ్గం వెళ్లిందని చెప్పగానే మన పెద్దాయన అరుగు మీద సర్దుకుని కూర్చున్నారు.

సకిచి 1930లో చనిపోయాడు. కీచిరో మనసు కార్ల మీద ఉంది. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం మొదలుపెట్టాడు. 1935లో జి1 అనే లారీ బయటికొచ్చింది. 1937లో టయోటా మోటార్ కంపెనీ వేరుగా ఏర్పడింది. ఇంటిపేరు టయోడా అయినా కంపెనీ పేరు మాత్రం టయోటా. జపాన్ లిపిలో అలా రాస్తే ఎనిమిది గీతలు వస్తాయి, ఎనిమిది వాళ్లకు మంచి అంకె.

ఈ రోజు టయోటా అనగానే మనకు గుర్తొచ్చేది ఆగకుండా నడిచే బండి. కానీ ఆ మొదటి లారీలు తరచుగా దారిలో ఆగిపోయేవి. కంపెనీ మనుషులు వెళ్లి, బాగుచేసి, ఏది విరిగిందో చూసి, ఫ్యాక్టరీలో ఆ భాగాన్ని మార్చేవారు. యుద్ధం అయిపోయాక ఇంకా పెద్ద కష్టం వచ్చింది. 1950 నాటికి కంపెనీ అప్పుల్లో మునిగింది. కూలీలు సమ్మె చేశారు. దాదాపు రెండు వేల మంది పని వదిలి వెళ్లాల్సి వచ్చింది. కీచిరో ఆ బాధ్యతను తన మీద వేసుకుని అధ్యక్ష పదవి వదిలేశాడు. రెండేళ్లకు, 57 ఏళ్ల వయసులో చనిపోయాడు. కంపెనీ మళ్లీ నిలబడటం ఆయన కళ్లారా చూడలేదు.

ఆ తర్వాత మగ్గం పాఠాన్ని కార్ల ఫ్యాక్టరీలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు తైచి ఓనో. ఆయన కూడా ముందు టయోడా వాళ్ల నూలు మిల్లులో పనిచేసి వచ్చినవాడే. మగ్గానికి రేకు ఉన్నట్టు కార్లు కట్టే వరుసకు ఏముండాలి? మనిషే ఉండాలని తేల్చారు. పనివాళ్ల తలల మీదుగా ఒక తాడు కట్టారు. బోల్టు సరిగ్గా బిగియకపోయినా, తలుపు సరిగ్గా కూర్చోకపోయినా, ఆ పని చేస్తున్న కూలీ తాడు లాగవచ్చు. లాగగానే దీపం వెలుగుతుంది, పైవాడు పరుగెత్తుకొస్తాడు. ఇద్దరూ చూస్తారు. తేలకపోతే వరుస ఆగుతుంది. దానంతట అది నడవడం అని చెప్పే జపాన్ మాటలో ఒక అక్షరం పక్కన "మనిషి" గుర్తు చేర్చి వాళ్లు ఈ పద్ధతికి పేరు పెట్టుకున్నారు. జిదోకా అంటారు. యంత్రానికి మనిషి తెలివి కలపడం అన్నమాట.

గమనించండి. తాడు కట్టడం సులువే. కష్టమైనది, లాగినవాణ్ణి తిట్టకపోవడం. కొత్తగా చేరిన కుర్రవాడు తాడు లాగి, అది ఏమీ కాదని తేలినా, పైవాడు "మంచి పని చేశావు" అని వెళ్లాలి. ఒక్కసారి "నీ వల్ల ఎంత నష్టమో తెలుసా" అన్నాడంటే, ఆ తాడు అక్కడే వేలాడుతుంది గానీ ఇక దాన్ని ఎవరూ లాగరు.

ఇంకో అలవాటు కూడా నేర్పారు. ఏదైనా చెడితే "ఎందుకు" అని అయిదుసార్లు అడగాలి. యంత్రం ఎందుకు ఆగింది? ఫ్యూజు పోయింది. ఎందుకు పోయింది? బేరింగుకు నూనె అందలేదు. ఎందుకు అందలేదు? పంపు సరిగ్గా లాగలేదు. ఇలా అడుగుతూ పోతే చివరికి జల్లెడ పెట్టకపోవడం వల్ల ఇనుప రజను లోపలికి పోయిందని తేలుతుంది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే రేపు మళ్లీ పోతుంది.

ఇక మన సంగతికి వద్దాం.

క్వాలిస్ మన దేశంలోకి 2000లో వచ్చింది. బెంగళూరు దగ్గర బిడదిలో తయారయ్యేది. ఇండోనేషియాలో కిజాంగ్ అనే పేరుతో తిరిగిన బండికి అది మన దేశపు రూపం. వచ్చిన కొత్తలో, ఇదేం పాతకాలపు డబ్బా అని పట్నాల్లో నవ్వినవాళ్లున్నారు. కానీ ట్యాక్సీ నడిపేవాళ్లు నవ్వలేదు. హైదరాబాదులో రాత్రి డ్యూటీల వాళ్లను తిప్పింది అదే, మన రోడ్ల మీద పెళ్లివాళ్లను మోసింది అదే. బాగా అమ్ముడవుతుండగానే దాన్ని ఆపేసి 2005లో ఇన్నోవా తెచ్చారు. అయినా పాత క్వాలిస్‌లకు గిరాకీ పోలేదు. మనం కొన్నప్పుడు దాని మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటి ఉంది. అమ్మినప్పుడు నాలుగు లక్షలకు దగ్గరలో ఉంది. స్పేర్ పార్టులకు ధర ఎక్కువే అనిపించేది గానీ, వేసింది మళ్లీ చాలాకాలం అడిగేది కాదు.

అలాంటి బండి ఒక్కసారి మాత్రం మనల్ని నడిరోడ్డు మీద దింపింది. పెళ్లి నుంచి తిరిగి వస్తున్నాం. రాత్రి పదకొండు దాటింది. చీరాల ఇంకా చాలా దూరం. బానెట్ లోంచి పొగలు వచ్చాయి. ముసలివాళ్లు, చంటిబిడ్డ తల్లి చీకట్లో రోడ్డు పక్కన నిలబడ్డారు. రెండు గంటల తర్వాత ఒక లారీ ఆయన ఎక్కించుకున్నాడు. మర్నాడు మెకానిక్ చూసి, "హెడ్ బెండ్ అయింది. నీళ్లు లేకుండా తోలారు" అన్నాడు. నలభై వేలు అయింది.

మేం పెద్దలం ఆ రోజు అడిగిన మొదటి మాట "ఎందుకు" కాదు, "ఎవరు" అని. డ్రైవరు తమ్ముణ్ణి అందరి ముందూ నిలబెట్టాం. అతను తల వంచుకుని ఊరుకున్నాడు. అతన్ని మార్చేద్దామన్న మాట కూడా వచ్చింది.

ఆ మధ్యాహ్నం అతని భార్య వచ్చి, "ఆయన రెండు రోజుల నుంచి నిద్రపోలేదు, ముల్లు పైకి పోతోందని నాతో అన్నాడు" అని చెప్పింది. అప్పుడు గానీ మాకు సరైన ప్రశ్న రాలేదు. ఇంజను ఎందుకు కాలింది? రేడియేటరులో నీళ్లు లేవు. ఎందుకు లేవు? రబ్బరు పైపు పగిలి కారింది. ఎందుకు మార్చలేదు? అతను మాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అంతకు ముందు నెల బ్రేకు లైనింగు పోయిందని చెబితే, "నెలకో ఖర్చు చెప్తావు, నువ్వు తోలే తీరులోనే ఉంది" అని మేమే అన్నాం. ఎందుకన్నాం? లెక్క చూస్తే చేతిలో డబ్బు తక్కువగా ఉంది. ఆ చిరాకు అతని మీద చూపించాం.

పైపు ఖరీదు కొన్ని వందలు. బండి తన పని తాను చేసింది. ముల్లు చూపించింది. తమ్ముడు చూశాడు. నోరు తెరవకుండా చేసింది మేము. మా మాటకు భయపడి ఒక మనిషి రెండు రోజులు ఆ ముల్లు వంక చూస్తూ, పన్నెండు మంది ప్రాణాలను కూర్చోబెట్టుకుని బండి తోలాడు. ఆ రాత్రి పొగలు రావడంతోనే సరిపోయింది. అంతకు ముందు నెల మేం విసుక్కున్నది బ్రేకు గురించి. ఆ మాటకు భయపడి అతను బ్రేకు సంగతి దాచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అతని ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. అతను ఒక్క మాటే అన్నాడు. "పర్లేదన్నా, ఈసారి చెప్తాను." తర్వాత చెప్పాడు కూడా. ఒకసారి ఏదో శబ్దం అని చెబితే, చూస్తే సీటు కింద దొర్లుతున్న నీళ్ల సీసా. అందరం నవ్వాం గానీ, "చెప్పావు, మంచిది" అన్నాం.

ఇంత చెప్పాం కదా అని ఆ కంపెనీ వాళ్లు ఏ తప్పూ చేయనివాళ్లని అనుకోకండి. 2009, 2010లో యాక్సిలరేటరు ఇరుక్కుపోతోందన్న ఫిర్యాదుల మీద అమెరికాలో లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. సకిచి మునిమనవడు అకియో టయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా చట్టసభ కమిటీ ముందు నిలబడి, మేం పెరిగిన వేగం ఎక్కువైంది అని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. కొనుగోలుదారులకు నిజం పూర్తిగా చెప్పలేదన్న కేసులో 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. 2023 చివర్లో అదే కుటుంబంలోని దైహత్సు కంపెనీ, భద్రతా పరీక్షల్లో ఏళ్ల తరబడి అక్రమాలు జరిగాయని బయటపడి, బండ్ల సరఫరా ఆపేసింది. గడువుల ఒత్తిడి కింద నలిగిన ఉద్యోగులు పైవాళ్లకు కష్టం చెప్పుకోలేని స్థితిలో ఉన్నారని విచారణలో తేలింది. తాడు కట్టి ప్రపంచానికి పాఠం చెప్పిన ఇంట్లోనే, దాన్ని లాగలేని చోటు ఒకటి మిగిలిపోయింది. అంటే ఇది ఒకసారి నేర్చుకుంటే అయిపోయే పాఠం కాదు.

ప్రియులారా, మన ఇళ్ల సంగతి ఆలోచించండి. మార్కులు తగ్గాయని చెప్పడానికి భయపడే పిల్లవాడు, అప్పు అయిందని చెప్పలేని కొడుకు, ఒంట్లో బాగాలేదంటే ఖర్చు అని నోరు మూసుకునే కోడలు మన మధ్యనే ఉన్నారు. వాళ్ల చేతిలో తాడు ఉంది. కిందటిసారి లాగినప్పుడు మనం ఏమన్నామో వాళ్లకు గుర్తుంది. మనకు గుర్తుండదు.

ఇదంతా విని మన పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాయన దారం తెగితే ఆపమనేవాడు. ఆపినందుకు ఎప్పుడూ కొట్టలేదు. ఆపకుండా నేస్తే మాత్రం కొట్టేవాడు" అన్నారు.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా ఒక చెడ్డ వార్త తెస్తే, ముందు "చెప్పావు, మంచిది" అనండి. మిగతా మాటలు తర్వాత. మేమూ ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.