తాల్: బలిసోంగ్ కత్తుల పుట్టిల్లు

ఫిలిప్పీన్స్‌లో లుజాన్ దీవి నైరుతి తీరాన, బలాయన్ అఖాతానికి ఎగువన ఉన్న పాత పట్టణం తాల్. బతంగాస్ ప్రావిన్స్‌లోది. రాజధాని మనీలా నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఫిలిప్పీన్స్‌లో ఊళ్ళకూ పేటలకూ ఉండే కింది స్థాయి పాలన విభాగాన్ని బరంగాయ్ అంటారు. తాల్ పరిధిలోని ఒక బరంగాయ్ పేరు బలిసోంగ్. రెండు పిడుల నడుమ అలుగు దాగి ఉండే మడత కత్తికీ అక్కడ అదే పేరు. బయటి ప్రపంచం దాన్ని బటర్‌ఫ్లై నైఫ్ అంటుంది.

తాల్ మొదట వెలసింది ఇప్పుడున్న చోట కాదు. 1572లో అగస్టీనియన్ మతగురువులు దీన్ని స్థాపించినప్పుడు ఊరు తాల్ సరస్సు ఒడ్డున ఉండేది. ఆ సరస్సు మధ్యలోనే అగ్నిపర్వతం ఉంది. 1754లో అది నెలల తరబడి రగిలి ఊరిని నాశనం చేసింది. బతికి బయటపడ్డవారు సముద్రం వైపు మెరక మీదికి తరలి కొత్తగా ఇళ్ళు కట్టుకున్నారు. అంతవరకు ప్రావిన్స్ రాజధానిగా ఉన్న హోదా కూడా అప్పుడే పోయింది. కొత్త చోట కట్టిన చర్చి 1849 భూకంపంలో దెబ్బతింది. దాని స్థానంలో 1856లో మొదలైన సెయింట్ మార్టిన్ బసిలికా పొడవు 88 మీటర్లకు పైనే, వెడల్పు 48 మీటర్లు. ఆసియాలోని అతి పెద్ద కాథలిక్ చర్చిల్లో దీన్ని తప్పక లెక్కిస్తారు. 2020 జనవరి 12న అగ్నిపర్వతం మళ్ళీ బద్దలైనప్పుడు బూడిదకు, భూప్రకంపనలకు జడిసి ఊరివాళ్ళు ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి, బూడిద ఎత్తిపోసుకుని పనుల్లో పడ్డారు.

ఇక్కడి పనులు చాలావరకు చేతిపనులే. బరోంగ్ అనే పల్చటి చొక్కాల మీద వేసే కుట్టుపని తాల్ ఆడవాళ్ళ ఘనత. 1898లో హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ తొలి జెండా కుట్టిన మార్సెలా అగోన్సిల్యో ఈ ఊరి బిడ్డే. ఆమె ఇంటిని ఇప్పుడు మ్యూజియంగా చూపిస్తారు. సంతలో ఉప్పూ మసాలా పట్టించి ఆరబెట్టిన మాంసం, ఘాటైన బరాకో కాఫీ దొరుకుతాయి. ఊరు దాటి బరంగాయ్ బలిసోంగ్ చేరితే రోడ్డు పక్క దుకాణాల్లో కత్తులు బారులు తీరి కనిపిస్తాయి.

బలిసోంగ్ నిర్మాణం చూడ్డానికి తేలిక, చేయడానికి కష్టం. ఒక అలుగు, దాని మొదట్లో రెండు రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక్కో చీల, ఒక్కో చీల మీద ఒక్కో పిడి. రెండు పిడులూ చెరోవైపు తిరిగి ఒకచోట కలిస్తే కత్తి తెరుచుకుంటుంది. మళ్ళీ అలుగు వైపు తిరిగి కలిస్తే అది వాటి మధ్య గాడిలో ఒదిగిపోతుంది. పిడి చివర ఉన్న కొక్కెం రెండింటినీ పట్టి ఉంచుతుంది. స్ప్రింగు లేదు, మీట లేదు. చేతి ఊపే దీన్ని నడిపిస్తుంది.

అలుగుకు కావలసిన ఉక్కు చాలాసార్లు పాత లారీల కమాను పట్టీల నుంచి వస్తుంది. మన పల్లెల్లో కమ్మరులు కొడవళ్ళకు, కత్తులకు వాడే ముడిసరుకూ అదే. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో ఆకారం తెచ్చి, నీరు పట్టించి, సాన మీద వాదర తీస్తారు. పిడికి ఇత్తడి లేదా ఉక్కు చట్రం. అందులో గేదె కొమ్ము, జింక కొమ్ము, ఎముక, నల్లటి కమగోంగ్ కర్ర ముక్కలు పొదుగుతారు. పనితనం అసలు తేలేది చీల బిగింపు దగ్గర. సుత్తితో చీల తలను ఒక దెబ్బ ఎక్కువ కొడితే పిడి బిగుసుకుపోతుంది, తిరగదు. ఒక దెబ్బ తక్కువైతే లొడలొడలాడి అలుగు పిడి గోడలను రాసుకుంటుంది. పనివాడు కొట్టడం, ఊపి చూడడం, మళ్ళీ కొట్టడం, ఇలా వేళ్ళకు తెలిసిన బిగువు వచ్చేదాకా సరిచేస్తాడు. యంత్రం మీద కోసిన చౌక కత్తికీ తాల్ కత్తికీ తేడా ఆ ఊపులో తెలుస్తుంది. తెరిస్తే సుమారు 29 సెంటీమీటర్లు ఉండే పెద్ద రకానికి అక్కడ ఆ అంకెనే స్పానిష్‌లో పలికి బెయింతె న్యువెవె అంటారు.

ఈ కత్తి క్రీ.శ. 800 నాటిదని ప్రచారంలో ఉన్న కథకు ఆధారాలు లేవు. స్థానికులు మాత్రం 1905లో పెర్ఫెక్తో దె లెయోన్ అనే ఊరి పనివాడు ఇప్పటి రూపానికి నాంది పలికాడని చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ సైనికులు వీటిని జ్ఞాపికలుగా ఇంటికి పట్టుకెళ్ళారు. 1970ల చివర అమెరికాలో లెస్ దె ఆసిస్ బాలీ-సాంగ్ పేరుతో కంపెనీ పెట్టి మేలురకం కత్తులు తయారుచేశాడు. అదే తర్వాత బెంచ్‌మేడ్ అయింది. స్టంట్ నటుడు జెఫ్ ఇమాడా రాసిన పుస్తకం చాలామందికి తొలి పాఠం. యుద్ధవిద్యల సినిమాలు, ఆపైన వీడియో గేములు మిగతా పని చేశాయి.

బతంగాస్ రైతుకు, జాలరికి ఇది తాడు కోసుకునే, పండు తొక్కతీసుకునే పనిముట్టు. జేబులో బలిసోంగ్ లేని బతంగాస్ మగవాడు ఉండడని పాత నానుడి. ఆ కాలం చెల్లిపోయింది. 1972 నాటి మార్షల్ లా ఉత్తర్వు, దాన్ని సవరించిన 1978 చట్టం ప్రకారం సక్రమమైన పని లేకుండా ఇంటి బయట కత్తి పట్టుకు తిరగడం ఫిలిప్పీన్స్‌లో నేరం. బ్రిటన్ 1988లో అమ్మకం, దిగుమతి నిషేధించింది. తర్వాతి చట్టంతో ఇంట్లో ఉంచుకోవడం కూడా కుదరకుండా చేసింది. జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ నిషేధమే. వంటింటి కత్తి కన్నా దీని అలుగు ప్రమాదకరమేమీ కాదు. తెర మీద విలన్ చేతిలో తళతళలాడిన తీరు దీనికి చెడ్డపేరు తెచ్చింది. ఆ పేరు భారం మోస్తున్నది మాత్రం తాల్ కమ్మరులు.

తిప్పడం నేర్చుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది పిడుల తేడా. కత్తి మూసినప్పుడు అలుగు మొండి అంచు వైపు ఉండేది సేఫ్ హ్యాండిల్. వాదర వైపు ఉండేది బైట్ హ్యాండిల్. సంప్రదాయ కత్తుల్లో కొక్కెం సాధారణంగా బైట్ హ్యాండిల్‌కే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి గుర్తుపట్టవచ్చు. సేఫ్ హ్యాండిల్ పట్టుకుని ఊపితే వేలి కణుపులకు తగిలేది మొండి అంచే. పొరపాటున రెండోది పట్టుకుంటే తెగుతుంది. అందుకే పదును లేని, అలుగు స్థానంలో చిల్లులున్న రేకు అమర్చిన ట్రెయినర్‌తో మొదలుపెట్టడం అన్నిచోట్లా ఆచారం. మణికట్టు తిప్పి తెరవడం, మూయడం పట్టుబడ్డాక, కత్తిని వేళ్ళ మీదుగా దొర్లించడం, బొటనవేలి చుట్టూ తిప్పడం, చివరగా గాలిలోకి ఎగరేసి పట్టుకోవడం. ఈ వరుస తప్పించిన వాళ్ళ వేళ్ళకే కట్లు కనిపిస్తాయి. పడిపోతున్న కత్తిని పట్టబోకూడదు. కాళ్ళు వెనక్కి తీసి కిందపడనివ్వాలి.

సేకర్తలు చూసేవి వేరు. తాల్ కత్తిలో కొమ్ము, ఎముకల పొదుగు, చేతి సుత్తి గుర్తులు చూస్తారు. అమెరికన్ తయారీలో బుషింగులు, బేరింగులు, రెండు పిడులూ ఒకే తూకంలో ఉన్నాయా అన్నది చూస్తారు. బాగా ఆడే కత్తి కావాలంటే రెండోది మేలు. ఒక ఊరి పనితనం చేతిలో పట్టుకోవాలంటే మొదటిదే.

తాల్ వెళ్ళేవారు బసిలికాతో సరిపెట్టుకోకుండా బరంగాయ్ బలిసోంగ్ దాకా వెళ్ళి, దుకాణం వెనక కొలిమి పని చూడనిస్తారేమో అడిగి చూడాలి. కొన్న కత్తిని విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు. చెకిన్ సామానులో పెట్టినా, దిగే దేశం చట్టం ఒప్పుకోకపోతే కస్టమ్స్ వాళ్ళు తీసేసుకుంటారు. మన దేశంలో పదునైన ఆయుధాలు 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. కాబట్టి నిబంధనలు కనుక్కున్నాకే డబ్బు చెల్లించాలి.