మాటకు పట్టిన బూజు

సిలికోన్‌తో మనిషి శరీరం సాధారణంగా తగవు పెట్టుకోదు. అందుకే వైద్యులకు ఆ పదార్థమంటే అంత మక్కువ. కాని శరీరాన్ని ఆశ్రయించి బ్రతికే సూక్ష్మజీవులకు అంతటి ఉదాసీనత లేదు. ఈ సంగతి భిలాయి సెక్టర్ 6లో నివసించే ఒక విశ్రాంత ఉక్కు కార్మికునికి తెలిసినంతగా పుస్తకాలు చదివినవారికి సైతం తెలియదేమో!

క్యాన్సర్ కారణంగా ఆయన స్వరపేటికను పూర్తిగా తొలగించారు. నాటినుంచి మెడ ముందరి రంధ్రమే ఆయన ఊపిరికి దారి. 1873లో వియన్నాలో బిల్రోత్ ఇట్టి శస్త్రచికిత్స చేసినప్పటినుంచీ, ప్రాణం దక్కినవారికి మాట దక్కించడమెలాగన్న ప్రశ్న వైద్యులను వెన్నాడింది. 1980లో అమెరికాలో సింగర్, బ్లామ్ అనే ఇద్దరు ఒక ఉపాయాన్ని ప్రకటించారు. శ్వాసనాళానికీ అన్నవాహికకూ నడుమనున్న గోడకు రంధ్రం చేసి, ఒకవైపే తెరుచుకునే సిలికోన్ కవాటాన్ని అమర్చుతారు. మెడ రంధ్రాన్ని బొటనవ్రేలితో మూసి ఊపిరి వదిలితే, గాలి అన్నవాహికలోనికి పోయి అచ్చటి కండరాన్ని కంపింపజేస్తుంది. అదే కొత్త కంఠస్వరం! బొంగురుదే కాని, ఆయన శ్రీకాకుళపు యాస మాత్రం చెక్కుచెదరలేదు. యాస నాలుక సొత్తు కాబోలు.

చిక్కు ఆ తరువాతిది. కవాటంపై ముందుగా లాలాజలపు పూత ఏర్పడుతుంది; దానిపై బాక్టీరియా, కాండిడా అనే శిలీంధ్రం చేరి, భిలాయిలో సెక్టర్లు వెలసినట్లే, తాము స్రవించిన జిగురులో నివాసాలు ఏర్పరచుకుంటాయి. ఇదే బయోఫిల్మ్. ఆ జిగురు చాటున ఉన్నవాటిపై మందుల ప్రభావం అంతంత మాత్రం. కాండిడా సిలికోన్‌లోనికే చొచ్చుకుపోతుంది. కవాటపు రెక్క సరిగా మూసుకోదు. త్రాగిన నీరు శ్వాసనాళంలోనికి కారి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అందుకే నలుగురిలో ఉన్నప్పుడు ఆయన మంచినీళ్లు ముట్టరు.

పలువురికి కొద్ది నెలలకే కవాటం మార్చవలసి వస్తుంది. దిగుమతి సరుకు వెల వేల రూపాయలు. బెంగుళూరు శస్త్రవైద్యుడు విశాల్ రావు 2015 ప్రాంతంలో 50 రూపాయల కవాటాన్ని రూపొందించినప్పుడు, దేశమంతా ఎందుకంత సంబరపడిందో ఈ ఇంటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మజ్జిగ త్రాగేవారి కవాటాలు ఎక్కువకాలం మన్నుతాయని నెదర్లాండ్స్ రోగులు చెప్పుకునేవారట. గ్రోనింగెన్ పరిశోధకులు దానిని కొట్టిపారేయక, కృత్రిమ గొంతుకలో పరీక్షించి చూస్తే బయోఫిల్మ్ తగ్గింది. అచ్చటి మజ్జిగ వేరు, మన చల్ల వేరు. ప్రయోగశాల వేరు, మనిషి వేరు. అయినా ఈ ఇంట రోజూ మజ్జిగ చిలుకుతారు.

దానికి మరొక ప్రయోజనమూ ఉంది. ఆదివారం ఉదయం ఆయన ఒక్క గుక్క మజ్జిగ మ్రింగుతారు. భార్య టార్చిలైటు వేసి మెడ రంధ్రంలోనికి చూస్తుంది. కవాటం నడుమ తెల్లని చుక్క కనిపించిందా, ఆసుపత్రి సంచీ సర్దుతుంది.