పసుపు గీత ఎడమవైపు ఉండాలి బావా!

డాలస్‌కి ఉత్తరాన ఉంటుంది ఫ్రిస్కో. ఇంట్లోంచి బయటికొచ్చి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. వెడల్పాటి రోడ్లు, సమానంగా కత్తిరించిన గడ్డి, రెండు పక్కలా ఫుట్‌పాత్‌లు. ఆ ఫుట్‌పాత్‌ల మీద మనుషులే కనిపించరు. పాలు అయిపోతే కారు. కొత్తిమీర కట్ట కావాలంటే కారు. డాలస్ చుట్టుపక్కల డార్ట్ వాళ్ల రైళ్లూ బస్సులూ తిరుగుతాయి కానీ, ఫ్రిస్కో ఆ సంస్థలో సభ్యత్వం ఉన్న ఊరు కాదు. సందు చివర ఎంతసేపు నిలబడ్డా బస్సు రాదు. షేర్ ఆటో ఊసే లేదు. ఎండ 38 డిగ్రీలు దాటిన ఆగస్టు మధ్యాహ్నం ఒక మైలు నడిచి చూడండి, ఇక్కడ కారుని కాళ్లతో సమానంగా ఎందుకు చూస్తారో అర్థమైపోతుంది.

2000 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో ఉన్నది దాదాపు 33 వేల మంది. 2020 నాటికి 2 లక్షలు దాటారు. అందులో మనవాళ్లు ఎంతమందో చూడాలంటే శనివారం పొద్దున కార్యసిద్ధి హనుమాన్ గుడి పార్కింగ్‌కి వెళ్లండి చాలు.

నేను ఎమ్మెస్‌కి వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. పెళ్లయ్యాక మా బావ రాజమండ్రి నుంచి హెచ్-4 వీసా మీద వచ్చాడు. హెచ్-4 అనగానే అందరికీ భార్యలే గుర్తొస్తారు. మా ఇంట్లో అది తిరగబడింది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యాలంటే నా గ్రీన్‌కార్డ్ పనిలో ఐ-140 అనే మెట్టు దాటాలి. ఆ వెసులుబాటు కూడా 2015లో వచ్చిందే. మేం ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. అంటే నేను ఆఫీసుకి వెళ్లాక బావకి మిగిలేది నాలుగు గోడలు, ఒక ఫోను.

రాజమండ్రిలో జుట్టు పెరిగితే చెప్పులేసుకుని సందు చివరికి వెళ్లొచ్చేవాడు. ఇక్కడ శనివారం దాకా ఆగాలి, నేను ఖాళీగా ఉండాలి. "ఈ వారం పనుందా నీకు?" అని అడిగేవాడు, ఏదో అప్పు అడుగుతున్నట్టు. అందుకే డ్రైవింగ్ మొదలుపెట్టాం.

రాతపరీక్ష తేలిక, చేతులకే కష్టం

టెక్సస్‌లో ఇండియా లైసెన్స్ చూపించినంత మాత్రాన ఇక్కడి కార్డు చేతిలో పెట్టరు. రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. రాతపరీక్షలో 30 ప్రశ్నలు, 21 సరిగ్గా రాస్తే చాలు. అది అయితే లెర్నర్ లైసెన్స్ వస్తుంది. ఇక పక్క సీట్లో 21 ఏళ్లు నిండి, కనీసం ఏడాది అనుభవం ఉన్న లైసెన్స్‌దారు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ లైసెన్స్‌దారుని నేనే.

బావకి డ్రైవింగ్ రాదనుకోకండి. గోదావరి మీద రోడ్డు కమ్ రైలు వంతెన తెలుసుగా. ఎదురుగా ఆర్టీసీ బస్సు, వెనకాల లారీ, పక్కన బైకు. వాటి మధ్యలోంచి కారుని కొవ్వూరు దాకా గీత పడకుండా తీసుకెళ్లే మనిషి. అతనికి ఇక్కడ కొత్తగా నేర్పాల్సింది కారు సంగతి కాదు. చేతులకీ కాళ్లకీ అలవాటైపోయిన పనులే ఎదురు తిరిగాయి.

వారాంతంలో ఖాళీగా ఉండే ఒక స్కూల్ పార్కింగ్‌లో మొదలుపెట్టాం. ఇండికేటర్ వెయ్యబోతే వైపర్లు తిరిగేవి, ఎందుకంటే ఇక్కడ ఆ రెండు మీటలూ అటూ ఇటూ మారి ఉంటాయి. నీలంగా మెరిసిపోతున్న ఆకాశం కింద మా కారుకి మాత్రం వాన. గేర్లు వాటంతటవే మారతాయి కాబట్టి ఎడమకాలికి పని లేదు. కానీ ఆ కాలు ఊరుకోదే. క్లచ్ అనుకుని బ్రేకుని తొక్కేది, ఇద్దరం ముందుకి తూలేవాళ్లం.

అన్నిటికన్నా పెద్ద తంటా కారు కుడివైపుకి జరిగిపోవడం. మనకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, కారు మిగతా భాగమంతా మన ఎడమ పక్కన ఉన్నట్టు ఒంటికి అలవాటు. ఇక్కడ అది తలకిందులు. డ్రైవర్ తనకి అలవాటైన చోట కూర్చుంటే, కుడి చక్రాలు పక్క లేన్‌లోకి పోతాయి. దీనికి ఒక చిట్కా ఉంది. అమెరికాలో ఎదురు బళ్లని వేరు చేసే గీత పసుపు రంగు. ఒకవైపే వెళ్లే హైవేలో కూడా ఎడమ అంచు పసుపు, కుడి అంచు తెలుపు. కాబట్టి పసుపు ఎప్పుడూ నీ ఎడమ చేతి వైపు ఉండాలి. "పసుపు గీత ఎడమవైపు బావా" అని ఎన్నిసార్లన్నానో. చివరికి కారెక్కగానే తనే జపంలా అనుకోవడం మొదలుపెట్టాడు.

అండీ అనే టైం లేదు

బావ మా మేనత్త కొడుకే. చిన్నప్పట్నుంచీ నువ్వు అనే పిలిచాను. పెళ్లయ్యాక పెద్దవాళ్ల ముందు మాత్రం మీరు అంటాను. బ్రేకు విషయానికొచ్చేసరికి అదేం గుర్తుండదు. ఒకరోజు అత్త ఫోన్ చేసింది. స్పీకర్లో ఉందని చూసుకోలేదు. అదే టైంలో పక్క వీధిలోంచి ఒక పిల్లాడు సైకిలేసుకుని వచ్చాడు. "ఆపు, ఆపు, ఆపు!" అన్నాను. కారు ఆగింది. ఫోన్‌లో నిశ్శబ్దం.

తర్వాత అత్తే అంది: "ఏమే, వాడికి నువ్వు నేర్పుతున్నావా?"

"అవునత్తా."

"మీ మావయ్య నన్ను స్కూటర్ హ్యాండిల్ కూడా పట్టుకోనివ్వలేదే. బాగా నేర్పు. తిట్టకు."

ఇక్కడి రోడ్డు మాట్లాడే భాష

మన దగ్గర హారన్ అంటే "వస్తున్నా, చూసుకో" అని చెప్పడం. ఇక్కడ అదే హారన్ తిట్టులా వినిపిస్తుంది. మన దగ్గర హెడ్‌లైట్ ఒకసారి వేసి తీస్తే "నేను పోతున్నా, నువ్వాగు" అని. ఇక్కడ చాలాసార్లు "నువ్వు పో" అని అర్థం.

నాలుగు దార్లూ కలిసే చోట నాలుగు వైపులా స్టాప్ బోర్డులుంటాయి. పోలీసు ఉండడు, సిగ్నల్ ఉండదు. ముందొచ్చిన బండి ముందు పోతుంది. ఇద్దరు ఒకేసారి వస్తే కుడిపక్కన ఉన్నవాళ్లకి దారివ్వాలి. ఎవరూ లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాలి. "ఖాళీ రోడ్డు మీద ఎవరి కోసం ఆగాలి?" అన్నాడు బావ. మంచి ప్రశ్నే. ఇక్కడ ఆగేది కనిపించేవాళ్ల కోసం కాదు. నువ్వు ఆగుతావన్న నమ్మకంతో అటువైపు నుంచి వచ్చేవాడి కోసం.

పసుపు రంగు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగిందంటే వెనకున్న బళ్లే కాదు, మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురొచ్చే బళ్లు కూడా ఆగాలి. పోలీసు కారు వెనకాల లైట్లు వేస్తే పక్కకి ఆపి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి లోపలే కూర్చోవాలి. కాగితాలు పట్టుకుని దిగి ఎదురెళ్లే మన మర్యాద ఇక్కడ ప్రమాదం. ఇది మాత్రం పది సార్లు చెప్పించుకున్నాను తన చేత.

ర్యాంప్ మీద

కాలనీ రోడ్లయ్యాక ప్రెస్టన్ రోడ్. ఒకప్పుడు టెక్సస్ నుంచి పశువుల మందల్ని ఉత్తరానికి తోలుకెళ్లిన షావ్నీ ట్రయల్ దారినే ఈ రోడ్డు అనుసరించిందంటారు. ఇప్పుడు ఆరు లేన్లలో ఎస్‌యూవీల మంద. అది కూడా అలవాటైంది. మిగిలింది టోల్‌వే.

డాలస్ నార్త్ టోల్‌వేలో టోల్ గేట్లుండవు. కెమెరా, ట్యాగ్ చూసుకుంటాయి, ఎవరూ స్లో చెయ్యరు. సర్వీస్ రోడ్డు నుంచి ర్యాంప్ ఎక్కి, ఆ కాస్త దూరంలోనే గంటకి 100 కిలోమీటర్లకి దగ్గరగా వేగం అందుకుని, బళ్ల మధ్య ఖాళీలోకి దూరాలి. మొదటిసారి బావ ర్యాంప్ చివర దాదాపు ఆగిపోయాడు. వెనకాల ట్రక్కు గట్టిగా హారన్ కొట్టింది. "పో బావా, పో, పో!" అని అరిచాను. పోయాడు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక షాపు ముందు కారాపేశాడు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ట్రక్కుకి భయపడలేదు. రాజమండ్రిలో నా స్నేహితులందరికీ కారు నేర్పింది నేనే తెలుసా? ఇక్కడ పో అంటే పోవాలి, ఆపు అంటే ఆపాలి. అన్నం తప్ప అన్నీ నిన్నే అడుగుతున్నాను."

ఏం చెప్పాలో ఆలోచించాను. ఓదార్పు మాటలు చెప్తే ఇంకా చిన్నబుచ్చుకుంటాడు. "ఇక నుంచి నేను మాట్లాడను. నువ్వు మాట్లాడు. రోడ్డు మీద ఏం కనిపిస్తుందో, ఏం చెయ్యబోతున్నావో పైకి చెప్పు" అన్నాను.

మర్నాటి నుంచి క్రికెట్ కామెంటరీయే. "ముందు తెల్ల కారు, బ్రేకు లైట్ పడింది, నేను తగ్గిస్తున్నాను. కుడివైపు ఒకడు ఫోన్ చూస్తున్నాడు, వీడిని నమ్మను. ఎడమవైపు ఖాళీ, భుజం మీంచి చూశాను, మారుతున్నాను." అప్పుడు తెలిసింది, నాకన్నా రెండు బళ్లు ముందుకే చూస్తున్నాడని. వంతెన మీద నేర్చుకున్న కళ్లు ఎక్కడికీ పోలేదు. ఎవరికైనా నేర్పుతున్నారా? ఈ కామెంటరీ చేయించండి. అరుపులు సగం తగ్గుతాయి. నేర్చుకునేవాళ్లు ఏం చూడట్లేదో కూడా మీకు తెలిసిపోతుంది.

పరిమిత కాలం

జనవరిలో డ్రైవింగ్ పరీక్ష. మొదటిసారి పోయింది. కారుని రెండు గుర్తుల మధ్య పక్కగా పెట్టే పార్కింగ్ చక్కగా చేసి, స్టాప్ బోర్డు దగ్గర ఆగీ ఆగనట్టు ఆగాడట. రెండోసారి పాసయ్యాడు. కార్డు పోస్టులో వచ్చిన రోజు తిప్పి తిప్పి చూశాడు. దాని మీద 'లిమిటెడ్ టర్మ్' అని ఉంది. ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు ఎంతవరకో లైసెన్స్ కూడా అంతవరకే. "మన లెక్క ఇక్కడ కూడా రాసేశారే" అని నవ్వి, పర్సులో పెట్టుకున్నాడు.

మర్నాడు నేను మీటింగ్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది: "బయటికెళ్తున్నా." ఎక్కడికని రాయలేదు. నేనూ అడగలేదు. మీటింగ్‌లో ఒక్క ముక్క ఎక్కలేదు. సాయంత్రం కటింగ్ చేయించుకున్న తలతో, చేతిలో గోంగూరతో గుమ్మంలో ఉన్నాడు.

ఏప్రిల్‌లో బ్లూబానెట్ పూలు చూడ్డానికి ఎన్నిస్ వెళ్లాం. డాలస్‌కి దక్షిణాన ఉన్న చిన్న ఊరు, ఈ పూలకే పేరు. దారి మొత్తం బావే నడిపాడు. దారిలో హై ఫైవ్ వస్తుంది. 75వ నంబర్ హైవే, 635 కలిసే చోట ఐదంతస్తులుగా రోడ్లు ఒకదాని మీద ఒకటి వెళ్తాయి. ఇన్నేళ్లలో దాన్ని ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. ఎప్పుడూ లేన్ బోర్డులే చూసేదాన్ని. ఈసారి తలెత్తి చూశాను. ఆకాశంలో వంకర తిరిగిన సిమెంటు వంతెనలు, వాటి మీద చీమల్లా కార్లు.

ఊరు దాటాక రోడ్డు పక్క పచ్చిక మొదలైంది, మధ్యమధ్యలో నీలం మచ్చలు. "అదిగో పూలు, అటు చూడు బావా" అన్నాను.

"నువ్వు చూడు. నేను రోడ్డు చూస్తున్నాను" అన్నాడు.