నాన్న కట్ చేసిన ఫోన్

పోస్ట్ కొంచెం పొడుగైంది. ఉద్యోగాలకు ఆన్‌లైన్‌లో అప్లై చేస్తున్నవాళ్లు ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

మేం అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాం. రూంలో ఎనిమిది మందిమి. ఆరుగురం సుగాలీలం, ఇద్దరు ఎరుకల వాళ్లు. ఎనిమిది ఇండ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. డిగ్రీ అయిపోతే ఇంటికి పోయి చేసేదేమీ లేదు. ఉండేది వేరుశనగ చేను. మన జిల్లాలో ఏడాదంతా పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే, అది కూడా అదునుకు పడదు. అందుకే తండాలో సగం ఇండ్లకు తాళాలు. పెద్దోళ్లంతా బెంగళూరులో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. సెలవులొస్తే మేం కూడా ఆడికే పోయి ఇటుకలు మోసినోళ్లమే.

దసరా నుంచి ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టినాం. నౌకరీ, లింక్డిన్, కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్, ఏదీ వదల్లేదు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కదా, ఆ చుట్టుపక్కల ఐటిఐ, డిప్లొమా అడిగిన ఉద్యోగాలకు కూడా పెట్టేసినాం. మేం చదివేదేమో బీకాం. నాలుగు నెలల్లో అందరిదీ కలిపి మూడొందలు దాటింది. ఒక్క జవాబు లేదు.

ఒక చోట నుంచి మాత్రం గంటలో వచ్చింది. సెలెక్ట్ అయినారు, లాప్‌టాప్ డిపాజిట్ రెండు వేలు కట్టండి అని. మాలో ఒకడు మెస్ కోసం దాచుకున్న డబ్బు కట్టేసినాడు. ఆ నంబర్ మళ్లీ ఎత్తలేదు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ మన దగ్గర డబ్బు అడగడు. ఎవరైనా అట్ల మోసపోయి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

రాత్రి పడుకున్నాక ఇదే మాట. పేరు చివర నాయక్ అని చూసి పక్కన పెట్టినారని ఒకడు, తెలుగు మీడియం అని ఇంకొకడు. పేరు చూసి పక్కన పెట్టేవాళ్లు లేరని మేం అనం. కానీ హోళీకి తండాకు పోయినప్పుడు వేరే సంగతి ఒకటి తెలిసింది.

మాలో ఒకడి నాన్నకు ఫిబ్రవరిలో ఫోన్ వచ్చిందంట. ఎవరి నాన్నో చెప్పం, మా అందరి నాన్న అనుకోండి. రీచార్జ్ అయిపోతే మా నంబర్లు మూగబోతాయి కాబట్టి రెజ్యూమ్‌లో నాన్న నంబర్ రాసినాం. ఆయన స్లాబ్ మీద కాంక్రీట్ పోస్తా ఉంటే మోగింది. అవతల ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో, తర్వాత హిందీలో మాట్లాడింది. ఆయనకు అర్థమైంది కొడుకు పేరు ఒక్కటే. అప్పులోళ్లు అనుకున్నాడు. "వాడు ఊర్లో లేడు, మా దగ్గర డబ్బుల్లేవు" అని కట్ చేసినాడు.

నంబర్ వెతికి తిరిగి ఫోన్ చేస్తే ఆ ఉద్యోగానికి వేరేవాళ్లను తీసుకున్నామన్నారు. "నాకేం తెలుసురా నాయనా, అప్పులోళ్లనుకుంటి" అన్నాడాయన. పండగ పూట, ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

హాస్టల్‌కి వచ్చి ఎనిమిది రెజ్యూమ్‌లూ నేల మీద పరిచినాం. అన్నీ ఒకే నెట్ సెంటర్‌లో చేయించినవి. అదే ఫాంట్, పైన అవే మూడు లైన్ల ఇంగ్లీషు, ఆ మూడు లైన్ల అర్థం మాలో ఎవరికీ సరిగా తెలియదు. హాబీలు క్రికెట్, పాటలు వినడం. ఒకడి దాంట్లో పక్కోడి తండ్రి పేరు అట్నే ఉండిపోయింది. కన్నతల్లి వచ్చి చూసినా ఏది తన కొడుకుదో చెప్పలేదు. ఇంక కంపెనీవాళ్లు ఎట్ల గుర్తుపడతారు?

బెంగళూరులో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేసే సీనియర్ అక్కకు అవన్నీ పంపించినాం. ఆదివారం ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. "ఒక్క ఉద్యోగానికి వందల్లో వస్తాయిరా. మొదటి నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. ట్యాలీ, ఎక్సెల్, కన్నడ, బెంగళూరు అని మాకు కావాల్సిన మాటలు కొట్టి వెతుకుతాం. ఆ మాటలు ఉన్నోళ్లే కనబడతారు. ప్రొఫైల్ పెట్టి ఆరు నెలలు దాని మొహం చూడనోళ్లు వెనక్కి పోతారు. మీరేమో ప్రింట్ తీసి, దాన్ని ఫోటో కొట్టి పంపినారు. ఫోటోలో అక్షరాలను కంప్యూటర్ చాలాసార్లు చదవలేదు. వర్డ్‌లో టైప్ చేసి నేరుగా పిడిఎఫ్ చేయండి."

తర్వాత అడిగింది, "ఇంతకీ మీకేం వచ్చు?"

"ఏమీ రాదక్కా."

"సెలవుల్లో ఏం చేస్తారు?"

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఒకడు రెండు వేసవులు మేస్త్రీ దగ్గర నలభై మంది కూలీల హాజరు, వారం కూలి లెక్క రాసినాడు. ఎరుకల తమ్ముడు వాళ్ల అమ్మ అల్లే బుట్టల లెక్కంతా ఆరో తరగతి నుంచి చూస్తున్నాడు, ఏ సంతలో ఎన్ని పోతాయో చెప్పగలడు. మొదటి ఏడాది అయినాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేసినాం కదా, మాలో ఇద్దరు తండాలో డెబ్బై ఇండ్లు తిరిగి ఏ ఇంటికి ఎన్ని బిందెల నీళ్లు, ఎంత దూరం నుంచి అని రాసుకొని ఎక్సెల్‌లో ఎక్కించినారు. భాషల దగ్గర తెలుగు, ఇంగ్లీషు అని మాత్రమే రాసినాం. ఇంట్లో మాట్లాడే గోర్ బోలి లేదు, కుర్రు లేదు. పనుల దగ్గర నేర్చుకున్న కన్నడ కూడా లేదు.

ఎందుకు రాయలేదంటే సిగ్గు. ఆ పని తప్పించుకోడానికే కదా చదువుతా ఉండేది, మళ్లీ దాన్నే కాగితం మీద ఎందుకు పెట్టాల అనుకున్నాం. అంటే మమ్మల్ని ఎవరూ చూడట్లేదని ఏడ్చింది మేమే, దాచిపెట్టుకున్నది కూడా మేమే.

ఇప్పుడు అందరివీ తిరగరాసినాం. మీరూ ఇట్ల చేసి చూడండి. "కూలి పని చేసినాను" అని కాకుండా ఎంతమంది, ఎన్ని నెలలు, ఏం లెక్క అని రాయండి. ఆ ఉద్యోగం ప్రకటనలో అడిగిన పని మీకు నిజంగా వస్తే, వాళ్లు వాడిన మాటతోనే రాయండి. రాకపోతే రాయొద్దు. మాలో ఒకడు ఎక్సెల్ బాగా వచ్చని రాసి రెండో ప్రశ్నకే దొరికిపోయినాడు. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎట్లుంటే అట్నే ఉండాల, ఒక చోట నాయక్, ఒక చోట రాథోడ్ అని ఉంటే చేరేటప్పుడు తిప్పలు. ఎక్కడెక్కడ పెట్టినారో నోట్‌బుక్‌లో రాసుకోండి, లేకపోతే ఫోన్ వచ్చినప్పుడు ఏ కంపెనీయో తెలియక నీళ్లు నములుతారు. మేం ఎనిమిది మందిమి తలా కొంత వేసుకొని ఎవరి నంబరూ ఆగిపోకుండా చూసుకుంటున్నాం.

ఆరు వారాలైంది. అందరికీ కలిపి ఐదు ఫోన్లు వచ్చినాయి, ఒకడికి ఉద్యోగం వచ్చింది. బెంగళూరులో కస్టమర్ సపోర్ట్, కన్నడ, తెలుగు మాట్లాడాల. పరీక్షలు అయినాక చేరాల. కన్నడ ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే బిల్డింగ్ పనిలో అని చెప్పినాడు. ఎవరూ నవ్వలేదంట. మిగతా ఏడుగురం ఇంకా పెడతానే ఉన్నాం.

ఫోన్ కట్ చేసిన నాన్న కొడుక్కి ఇంకా రాలేదు. కొత్త రెజ్యూమ్‌లో వాడు తన సొంత నంబరే పెట్టినాడు. ఆ సంగతి చెప్తే నాన్న ఊరుకోలేదు. "నాది తీసేయొద్దురా, రెండోది పెట్టు" అన్నాడు. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా, అప్పులోళ్లయినా సరే, కట్ చేయడంలేదు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, కొడుకు నంబర్‌లో పది అంకెలు హిందీలో ఒక్కొక్కటే చెప్తున్నాడు. పక్కన పనిచేసే బీహార్ పిల్లోడి దగ్గర నేర్చుకున్నాడంట.