ఎర్రమట్టి దిబ్బల్లో అరగంట వెలుగు

తెల్లవారుజామున నాలుగున్నర. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద ఓ వ్యాను పరుగెడుతోంది. వెనక సీట్లో రెండు కెమెరాలు, మూడు లెన్సులు, మడతపెట్టిన రిఫ్లెక్టర్లు, ఇస్త్రీ చేసిన ఆరు చీరలు, ఫ్లాస్కు నిండా టీ. ముందు సీట్లో కూర్చున్న ఫొటోగ్రాఫర్ చూపు మాత్రం సముద్రం మీదే. తూర్పున మబ్బు పట్టిందా... లేదా? ఈ రోజు కష్టం గిట్టుబాటు అయ్యేదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది మరి!

గ్లామర్ ఫొటోగ్రఫీ అనగానే ఏసీ స్టూడియో, చుట్టూ పదిమంది అసిస్టెంట్లు గుర్తొస్తారు. ఎవరి దగ్గరా జీతానికి పనిచేయని ఫ్రీలాన్సరుకు అంత వైభవమెక్కడిది? ముహూర్తాలున్నన్నాళ్లూ పెళ్లి ఆల్బమ్‌లు తీస్తాడు. మూఢం వచ్చి బాజాలు ఆగిపోతే మోడళ్ల పోర్ట్‌ఫోలియోలు, నగల దుకాణాల క్యాలెండర్లు. అప్పుడు ఈ తీరమే అతని స్టూడియో. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న రుషికొండ, బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ, డచ్చివారి సమాధులున్న భీమిలి... 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ నాటికే సినిమా కెమెరాలకు పరిచయమైన చోట్లు ఇక్కడున్నాయి.

ఎరుపుతో తంటా

ఇవాళ్టి లొకేషన్ భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల కిందటి తీరపు ఇసుక ఇనుప ఆక్సైడ్లతో ఎరుపెక్కి, వానలకు కోసుకుపోయి, నిలువెత్తు గోడలై నిలిచింది. జాతీయ భూవారసత్వ స్థలంగా పేరున్న ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరాయి. చూడటానికి గట్టిగానే ఉంటాయి కానీ, అంచు మీద కాలు పెడితే పెళ్లలు రాలిపోతాయి. అందుకే ‘పైకెక్కి నిలబడమ్మా’ అనే మాట అతని నోట రాదు. కింద కాలిబాటలోనే నిలబెట్టి, కెమెరాను నేలకు ఆనించి తీస్తాడు. ఫొటోలో దిబ్బ రెండింతల ఎత్తు కనిపిస్తుంది!

చలికాలంలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకు అటూ ఇటూ. సముద్రం వైపు నుంచి వచ్చే ఏటవాలు వెలుగు మహా అయితే అరగంట. ఆ తర్వాత కళ్ల కింద నీడలు పడిపోతాయి. పైగా ఈ మట్టితో ఒక తంటా ఉంది. గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగు కూడా ఎర్రగానే ఉంటుంది. చామనఛాయ ముఖానికి అది పసిమి రాస్తుంది. తెల్లచీరను మాత్రం గులాబీ రంగులోకి మార్చేస్తుంది. అందుకే బంగారు రంగు రిఫ్లెక్టర్ సంచిలోనే ఉండిపోతుంది. తెల్లది బయటికొస్తుంది. మొదటి ఫొటో మోడల్‌ది కాదు, ఆమె చేతిలోని బూడిదరంగు అట్టముక్కది. రంగుల లెక్క దాంతోనే సరిచూసుకోవాలి.

చీర మార్చుకోవడానికి గది ఉండదు. వ్యాను తలుపుకు రెండు దుప్పట్లు కడితే అదే మేకప్ రూమ్. ఎండెక్కేసరికి చూడటానికి వచ్చిన కుర్రాళ్ల చేతుల్లో సెల్‌ఫోన్లు లేస్తాయి. అప్పుడు అసిస్టెంటు రిఫ్లెక్టర్‌ను వాళ్ల వైపు తిప్పి అడ్డుపెడతాడు. వెలుగు కోసం తెచ్చిందే అలా తెరగానూ పనికొస్తుంది.

కాగితంలో లేని ఫొటో

ఏడున్నరకు మకాం తీరానికి మారింది. అక్కడ మత్స్యకారులు అలివి వల లాగుతున్నారు. ‘బాబూ, తాడుకి అడ్డం రాకండి’ అని ఒక పెద్దాయన కేకేశాడు. షూటింగ్ ఆగింది. వాళ్లది పొట్టకూటి పని, వల ఒడ్డుకొచ్చేదాకా ఆగాల్సిందే.

ఆ ఖాళీలోనే క్యాలెండర్ వేయిస్తున్న పెద్దమనిషి కొత్త కోరిక బయటపెట్టాడు. ‘నీళ్లలోకి దింపి, తడిచీరలో రెండు తీసేయండి. గోడకు అవే అందం.’

మోడల్ మేకప్ అక్క వైపు చూసింది. ‘అన్నా, అది మనం అనుకోలేదు కదా’ అంది మెల్లగా.

‘అనుకోలేదమ్మా’ అని అతను లెన్స్‌కు మూత పెట్టేశాడు. ‘కాగితంలో లేనిది తీయనండీ.’

‘బ్యాలెన్స్ తీసుకునేది నా దగ్గరే కదా!’

‘మీ దగ్గరే. అయినా తీయను.’

ఆ కాగితం వెనక ఓ కథుంది. కొన్నేళ్ల కిందట అతను తీసిన ఫొటో ఒకటి హైవే పక్కన హోర్డింగెక్కింది. అతని పేరు లేదు, అమ్మాయికి కబురు లేదు. అడిగితే, డబ్బిచ్చాం కదా అన్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. మీట నొక్కింది ఎవరైనా సరే! అది తెలిశాక ఒక పేజీ ఒప్పందం లేకుండా అతను కెమెరా తీయలేదు. ఏ దుస్తులు, ఎన్ని ఫొటోలు, ఎక్కడ వాడాలి, ఎన్నాళ్లు వాడాలి... అన్నీ తెలుగులోనే. సంతకాలు ముగ్గురివీ. మోడల్‌కూ ఒక ప్రతి.

తొమ్మిదింటికి భీమిలిలో ఇడ్లీల ముందు కూర్చున్నారు. పెద్దమనిషి అప్పటికే కారెక్కి వెళ్లిపోయాడు. బ్యాలెన్స్ సంగతి తర్వాత తేలాలి. ఫొటోలు రెండు డ్రైవుల్లోకి ఎక్కుతున్నాయి. అమ్మాయి ఒక్కొక్కటే చూస్తూ, కొంగు గాలికి తొలగిన ఒక ఫొటో దగ్గర ఆగింది. అతనేమీ అడగలేదు, తీసేశాడు.

తర్వాతిది వల లాగుతుండగా తీసింది. జుట్టు చెదిరి, పాపిటబిళ్ల పక్కకు జారి, చేపల్ని చూసి పకపకా నవ్వుతోంది. క్యాలెండరుకు పనికిరాదు.

‘అన్నా, ఇది అమ్మకు పంపొచ్చా?’

కాగితంలో దానికీ ఒక వాక్యం ఉంది. క్యాలెండరుకు ఎంచనివాటిలో మూడు ఆమెవే.