మొక్కు లేని ప్రయాణం

మాది నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు. వాకిలి దాటితే వరిచేలు, ఇంకాస్త పోతే రొయ్యల గుంటలు, ఆ పైన కోడూరు బీచి. ఇన్ని నీళ్ల మధ్య ఉండేవాళ్లు నీళ్లు చూడటానికి హైదరాబాదు దాకా పోవాలా అని మీరు నవ్వుకోవచ్చు. మా అత్తమ్మ కూడా ఆ మాటే అంది.

ఈ వేసవి సెలవుల్లో పిల్లలతో మా ఆడబిడ్డ ఇంట్లో పది రోజులున్నాం. ఒకరోజు పొద్దున్నే ఆడబిడ్డ, "వదినా, హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి దగ్గరికి పోదాం, రాత్రికి గానీ ఇంటికి రావద్దు" అంది. అత్తమ్మకు డెబ్భై రెండేళ్లు. తిరుపతి, శ్రీకాళహస్తి, పెంచలకోన ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. పెళ్లిళ్లకు పోయింది, కాన్పులకు పోయింది, ఆస్పత్రులకు పోయింది. ఊరికే చూసి రావడానికి మాత్రం గడప దాటి ఎరగదు. "ఆడ ఏం మొక్కుకోవాల? మొక్కూ లేదు, పనీ లేదు, ఊరికే ఎట్టా పోయేది?" అని ఒకటే వాదన. మనలో చాలామంది సంగతీ ఇంతే కదండీ! ఇల్లు కదలాలంటే ఏదో ఒక సాకు కావాలి. చివరికి "పిలకాయల్ని చూసుకోను తోడు రా అత్తమ్మా" అని నేనంటే లేచింది.

పులిహోర, పెరుగన్నం, వేయించిన వడియాలు, ఊరి నుంచి తెచ్చుకున్న మామిడికాయలు, నీళ్ల సీసాలు, ఒక పాత దుప్పటి సర్దుకున్నాం. దుప్పటి ఎందుకని పిల్లలు ఎగతాళి చేశారు గానీ మధ్యాహ్నానికి దాని విలువ తెలిసొచ్చింది.

సచివాలయానికి ఎదురుగా ఉన్న లుంబినీ పార్కులో పడవ ఎక్కాలి. ఎక్కేటప్పుడు అత్తమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. చిన్నప్పుడు మా తీరం వెంబడి మద్రాసుకు పోయే బకింగ్‌హాం కాలువలో పడవ ప్రయాణాలు చేసిన మనిషి! ఉప్పు, కట్టెలు వేసుకుని పోయే పడవలు, గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టున మనుషులు తాడు పట్టి లాగడం, ఇవన్నీ పిల్లలకు చెబుతూ కూర్చుంది. నేను కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఈ కబుర్లు ఒక్కటీ నేను వినలేదు. ఇంట్లో ఆమెకు ఇలా కూర్చునే తీరిక ఎక్కడిది?

ఈ చెరువు ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562 ప్రాంతంలో తవ్వించింది. కట్టించిన హుస్సేన్ షా వలీ పేరే దానికి నిలిచింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రాకముందు జనం ఈ నీళ్లే తాగేవారట. ఇప్పుడు ఆ మాట నమ్మడం కష్టం. గాలి తిరిగినప్పుడల్లా మురుగు వాసన కొడుతుంది. ఇంత అందమైన చోట ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాల్సి రావడం నాకు బాధనిపించింది.

చెరువు నడుమ జిబ్రాల్టర్ రాక్ అనే బండ మీద ఉంది బుద్ధుడి ద్వీపం. విగ్రహం ఎత్తు 58 అడుగులు, అంతా ఒకటే రాయి. భువనగిరి దగ్గర రాయగిరి నుంచి తెచ్చారు. చెక్కించింది గణపతి స్థపతి. అమెరికాలో స్వేచ్ఛా విగ్రహాన్ని చూసొచ్చిన ఎన్.టి.రామారావుగారికి మన ఊళ్లోనూ అలాంటిది ఉండాలన్న ఆలోచన వచ్చిందంటారు. 1990 మార్చిలో బల్లకట్టు మీద తీసుకొస్తుంటే అది ఒరిగి, విగ్రహం నీళ్లలో పడిపోయింది. దానితోపాటు పనివాళ్లు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో గానీ పైకి తీసి నిలబెట్టలేకపోయారు.

ఇదంతా మా ఆడబిడ్డ చెబుతుంటే పిల్లలు రెండున్నరేళ్లు నీళ్లలో ఉన్నా బుద్ధుడికి ఏమీ కాలేదా అని ఆశ్చర్యపోయారు. అత్తమ్మ మాత్రం "ఆ పనోళ్ల శవాలన్నా దొరికినాయా? ఇంటోళ్లకు ఇచ్చినారా?" అని అడిగింది. వేటకు పోయి తిరిగి రాని వాళ్ల ఇళ్లు మా వైపు ఉన్నాయి. ఆ ఇళ్లల్లో ఏళ్ల తరబడి ఎలా ఎదురుచూస్తారో ఆమెకు తెలుసు. మా ఆడబిడ్డ ఏమీ చెప్పలేకపోయింది. జనమంతా బుద్ధుడి ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అత్తమ్మ కటకటాల దగ్గరికి పోయి, నీళ్ల వైపు తిరిగి కాసేపు చేతులు జోడించింది. నేను పలకరించలేదు.

ఒక సంగతి చెప్పాలి. పదకొండు దాటాక అక్కడి రాతి నేల పెనంలాగా కాలుతుంది. పెద్దవాళ్లను తీసుకుపోయేవాళ్లు మేజోళ్లు, గొడుగు మరవకండి. చిన్నపిల్లలుంటే పొద్దున తొందరగానో, నాలుగు దాటాకో పోవడం మేలు.

మేము తిరుగు పడవలో పార్కుకు వచ్చి చెట్టు కింద దుప్పటి పరిచాం. అన్నాలు తిన్నాక అత్తమ్మ కొంగు తల కింద పెట్టుకుని పడుకుంది. అయిదు నిమిషాల్లో గుర్రు! పగటిపూట ఆమె పడుకోగా నేను ఏనాడూ చూడలేదు. వడ్ల ఎండబోత, మధ్యాహ్నం అన్నాలు, పాలు, ఎవరో ఒకరి పిలుపు. రెండు గంటలు ఎవరూ లేపలేదు. మేమిద్దరం ఆమె పక్కనే కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకు తింటూ, వంటల గురించి కాకుండా వేరే మాటలు మాట్లాడుకున్నాం.

సాయంత్రం పిల్లలు మళ్లీ పడవ అన్నారు. డబ్బు దండగ అని నేను నసుగుతుంటే అత్తమ్మ కొంగు ముడి విప్పి నోట్లు తీసింది. "నాదొక చీటీ కూడా తీసుకోండి" అంది. నీళ్ల మీద చల్లగాలి, దీపాల వెలుగులో తెల్లటి బుద్ధుడు, ఒడ్డున 2023లో నిలబెట్టిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. పొద్దున చూసిన చోటేనా ఇది అనిపించింది.

దిగి ట్యాంక్ బండ్ మీద నడిచాం. 1986లో పెట్టిన విగ్రహాల్లో కొన్ని 2011లో దెబ్బతింటే మళ్లీ నిలబెట్టారు. మన నెల్లూరు తిక్కనను వెతికి పట్టుకున్నాం. ముప్ఫై మూడు విగ్రహాల్లో ఆడవాళ్లు రుద్రమదేవి, మొల్ల ఇద్దరే. మా అమ్మాయి వేళ్ల మీద లెక్కబెట్టి మరీ చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయింది. మిగిలిన పులిహోర తలా కాస్త తిని పడుకున్నాం. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.